చదవకుండా అమ్మిన పాలసీ

అమలాపురంలో మా టిఫిన్ హోటల్‌కి బీమా చేయించిన ఏజెంటు టై కట్టుకుని తిరిగేవాడు. ఏమడిగినా "అన్నీ కవరైపోతాయండీ" అనడం తప్ప ఇంకో ముక్క వచ్చేది కాదు.

ఒకరోజు హోటల్ పెరట్లో కొబ్బరిచెట్టు కింద బల్ల దగ్గర ఇడ్లీ తింటున్న రిటైర్డ్ టీచరుగారి భుజం మీద కొబ్బరికాయ రాలిపడింది. ఎముక విరిగింది. ఆవిడను ఆసుపత్రిలో చేర్పించి, ఏజెంటుకి ఫోన్ చేశాను.

"అబ్బే, మీ పాలసీ హోటల్ కాలిపోతేనేనండీ. మనుషులకి తగిలితే రాదండీ," అనేసి పెట్టేశాడు.

మర్నాడు సిగ్గుపడుతూనే ఆ సంగతి టీచరుగారికి చెప్పాను.

"ఆ కాగితాలు ఇలా తెండి బాబూ," అన్నారావిడ. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, చివరి పేజీ దాకా చదివేరు.

"హోటల్ ఆవరణలో కస్టమరుకి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు కంపెనీయే భరిస్తుందని రాసుందండీ ఇక్కడ. మీరు చదవలేదాండీ?"

నేను చదవలేదు. అమ్మినవాడూ చదవలేదు. దెబ్బ తగిలిన మనిషే క్లెయిము కాగితాలు కూడా నింపిపెట్టారు.

క్లెయిము మంజూరైన రోజు ఏజెంటు నాతో ఫోటో దిగుతానని వచ్చాడు. ప్రచారానికి వాడుకుంటాడట. కూర్చోమని కూడా అనలేదు నేను. అతను ఫోటో లేకుండానే గుమ్మంలోంచి వెళ్లిపోయాడు.