దొన కన్ను దాచిన బీరప్ప

తమిళనాట పాలకోడుకు పడమటగా, కొండ మొదట్లో పాతిక ఇళ్ళున్న తెలుగు పల్లెలో బీరప్పకు సెంటు పొలం లేదు. ఉన్నవల్లా యాభై మేకలు, వాటికి నీళ్ళిచ్చే ఒక దొన. దొన అంటే కొండరాతిలో దానంతటదే ఏర్పడిన గుంట. నలుగురు పడుకుంటే నిండేటంత వెడల్పు, మొలలోతు. చుట్టుపక్కల చెరువులన్నీ నెర్రెలిచ్చిన ఎండల్లోనూ అందులో నీళ్ళుండేవి. మధ్యాహ్నమైతే ఎవరూ తోలకుండానే మంద అటు దిగేది.

ఆ దొన మీద బీరప్పకు పట్టా లేదు, చాకిరీ మాత్రం ఉంది. ఏటా శివరాత్రి పోయాక, తన తండ్రి చేసినట్టే అందులోకి దిగి, కుళ్ళిన ఆకునూ బురదనూ తట్టలతో ఎత్తిపోసేవాడు. ఉత్తరపు గోడలో మోకాలి ఎత్తున, వేలు దూరేంత చీలిక ఒకటుంది. నీళ్ళు ఊరేది అక్కడే. దాన్ని వాళ్ళు కన్ను అంటారు. అందులో పట్టిన పాచిని వేపపుల్లతో తీయాలి. తీసేటప్పుడు నోరు మెదపకూడదు. ఆ కన్ను ఎక్కడుందో పరాయివాళ్ళకు చెప్పకూడదు, వేలెత్తి అసలే చూపకూడదు. చూపితే దిష్టి తగిలి ఊట ఎండిపోతుందని వాళ్ళ నమ్మకం. బీరప్ప సొంత పెళ్ళాం మారియమ్మకు కూడా చూపలేదు. ఆమె తానే కనిపెట్టింది.

"మొగుడి గుణం తెలుసుకొనేదానికి మూడు దినాలు పట్టె. నీళ్ళుండే తావు తెలుసుకొనేదానికి మూడేండ్లు పట్టె" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

రెండువేల ఆరులో ఆ కొండకు పర్యాటక పథకం వచ్చింది. హొగేనక్కల్ జలపాతం చూసి తిరిగిపోయే కార్లను ఒక పూట ఇటు మళ్ళించాలని పైవాళ్ళ ఆలోచన. మొదట వెదురు తోరణం లేచింది, తర్వాత కంచె, ఆ తర్వాత తమిళంలో, ఇంగ్లీషులో పెద్ద బోర్డు. అయిదో తరగతి చదివే కూతురు కలైవాణి దాన్ని తండ్రికి చదివి చెప్పింది: ఎన్నడూ ఎండని సహజమైన నీటిబుగ్గ, చెట్లను గాయపరచవద్దు, పశువులకు ప్రవేశం లేదు.

కొండ తెలిసినవాడని బీరప్పను కాపలాకు వాచరుగా తీసుకున్నారు. ఖాకీ చొక్కా, ఈల ఇచ్చారు. జనం రాకముందే మేకలకు నీళ్ళు తాపుకొని పొమ్మన్నారు. మేకలకు ఆ నీళ్ళు దక్కితే చాలు, బోర్డు మీద ఏం రాసుకుంటే తనకేమని అతడు సరేనన్నాడు.

దొనకు మెట్లు, లోపల సిమెంటు పూత వేయించడానికి శరవణన్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. టేపు పట్టి కొలిచి, కాగితం మీద బొమ్మ గీసి, తమిళంలో అడిగాడు.

"అణ్ణా, ఊట ఏ పక్కనుంచి వస్తుంది? చెప్తే అక్కడ పూత వేయకుండా వదిలేస్తాం."

బీరప్ప కళ్ళు ఉత్తరపు గోడ వైపు పోబోయి ఆగాయి. చేతికర్రను గట్టిగా పట్టుకున్నాడు.

"అడుగునుంచి సార్. అంతా అడుగునుంచే" అన్నాడు.

శరవణన్ ఆ మాట నమ్మి రాసుకున్నాడు. అడుగున కంకర పరిపించి వదిలాడు, నాలుగు గోడలకూ సిమెంటు మెత్తించాడు. మేస్త్రీ తాపీ ఉత్తరపు గోడ మీదికి వచ్చేసరికి బీరప్ప ఒక అడుగు ముందుకేసి ఆగాడు. పచ్చి సిమెంటును ఊటే తోసుకొని వస్తుందిలే అని తనకు తాను చెప్పుకొని, బీడీ ముట్టించుకొని అవతలికి పోయాడు.

దీపావళి నాటి ఐప్పసి నెల వానలకు దొన నిండింది. అందరూ మెచ్చుకున్నారు. శివరాత్రికల్లా నీళ్ళు అడుగంటి కంకర తేలింది.

అప్పుడు చెప్పాడు బీరప్ప. తాను ఏటా పాచి తీస్తూ వచ్చిన చోటును వేలు పెట్టి మరీ చూపించాడు. శరవణన్ తల పట్టుకున్నాడు.

"ఒక్క మాట! అడిగినప్పుడు ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది అణ్ణా?"

సగం రోజు గడ్డపారతో పగలగొట్టారు. చీలిక దొరికింది, చెమ్మ లేదు. లోపల నీళ్ళు వేరే పగులు పట్టుకొని కొండలో ఎటో పోయాయని శరవణన్ అన్నాడు. ఇక తీసుకురాలేమన్నాడు.

ఆ సాయంత్రం మారియమ్మ చేట పక్కన పెట్టి మొగుడి ఎదుట కూర్చుంది.

"కంటికి దిష్టి తగుల్తాదని కంటినే పూడ్పించుకోనొస్తివి కదయ్యా! నీ అంత జాగర్త మనిషి ఈ జిల్లాలో ఇంకొకడుండడు."

"మా నాయిన చెప్పినాడే..."

"మీ నాయిన కాలంలో సిమెంటు తెచ్చినారా?"



బోర్డు మాత్రం తీయలేదు. టికెట్లు అచ్చయ్యాయి, బస్సులు రావడం మొదలైంది. పైన బండల వెనక ట్యాంకు కట్టి, లారీతో నీళ్ళు తెచ్చి నింపారు. పదింటికి వాల్వు తిప్పితే బండల మీదుగా ధార దూకేది, అయిదింటికి కట్టేయాలి. ఆ పని బీరప్పదే. జనం ధార కింద తలలు పెట్టి కేరింతలు కొట్టేవారు, కొండ మహిమ అని సీసాల్లో పట్టుకుపోయేవారు.

పల్లె కొళాయికి రెండు రోజులకొకసారి నీళ్ళొచ్చేవి. మనుషులకే చాలవు. మేకల డొక్కలు లోపలికి పోయాయి. రెండు పిల్లలు చచ్చాయి. లారీ నీళ్ళు మేకలకు తాపకూడదని హుకుం ఉన్నా, ఒక తెల్లవారుజామున బీరప్ప తెగించి, గేటు తీసి మందను లోపలికి తోలి, వాల్వు తిప్పాడు.

ముసలి మేక ముందు పోయింది. మోర చాచి వాసన చూసి, తుమ్మి, వెనక్కి జరిగింది. లారీ నీళ్ళలో బ్లీచింగు పొడి ఘాటు. దాని వెనక తక్కినవీ అంతే. అతడు దోసిటితో పట్టి మూతి దగ్గర పెట్టాడు, మెడ వంచి బలవంతం చేశాడు. తలలు విదిలించుకున్నాయి. ఒకటి రెండు తప్పక నాలుగు గుక్కలు తాగి, పక్కకు పోయి నిలబడ్డాయి. మిగిలినవి అతడి ముఖం చూసి అరుస్తూనే ఉన్నాయి.

మంగళవారం కంబైనల్లూరు మేకల బేరగాడు మారిముత్తు వ్యాను తెచ్చాడు.

"ఎన్ని ఎక్కిస్తావు మామా?"

"అన్నీ."

"నాయినా, ఆ చుక్కల పిల్లనొక దాన్ని పెట్టుకుందాం" అంది కలైవాణి.

"దానికేం తాపుతావు పాపా?"

వ్యాను కొండ మలుపు తిరిగేదాకా లోపలి అరుపులు వినబడుతూనే ఉన్నాయి. ఈలోగా గేటు దగ్గర బస్సు హారన్ మోగింది. బీరప్ప చొక్కా గుండీలు పెట్టుకొని, వాల్వు తిప్పడానికి పైకెక్కాడు.