మేనత్త అడిగే పేరు

ఆ ఉదయం ఏడుంపావుకు మెట్‌పల్లిలోని మా మేనత్తకు ఫోన్ చేశాను. ఇంటి పిల్లలందరికీ ముద్దుపేర్లు పెట్టింది ఆమే. ఎప్పుడు చేసినా ఫోనెత్తగానే, "నేను పెట్టిన పేరేంది అల్లుడా?" అని అడిగేది. మా బడి స్టాఫ్‌రూంలో ఉన్నప్పుడు కూడా, అందరూ నవ్వుతున్నా "బుడంకాయ" అనేవాణ్ని.

ఒకసారి ఎవడో ఆమెకు ఫోన్ చేసి అచ్చం నా గొంతుతో, యాక్సిడెంటైందని ఏడుస్తూ పైసలు పంపమన్నాడు. తను పెట్టిన పేరేమిటని ఆమె అడగ్గానే వాడు ఫోన్ పెట్టేశాడు. "గొంతును నమ్మకుండ్రి, పేరడుగుండ్రి, చెప్పకుంటే ఫోను పెట్టెయ్యుండ్రి" అని అప్పటినుంచి అందరికీ చెప్పేది.

ఆ ఉదయమూ పేరు చెప్పాను. అప్పటికే ఆమెకు మతిమరుపు ముదిరింది.

"గా పేరు నేనెవలకూ పెట్టలే. దొంగ సచ్చినోడా, పెట్టు ఫోను!" అని, మాకు నేర్పినట్టే తనే పెట్టేసింది.

ఆ ఎండాకాలంలోనే మేనత్త చనిపోయింది. ఇప్పుడు ఫోనులో నన్ను ఆ పేరు ఎవరూ అడగరు.