కట్టు విప్పకుండా చూడాలన్న మనిషి

మా సారు పోయారన్న వార్త ఉదయాన్నే ఆఫీసు గ్రూపులో వచ్చింది. గుండెపోటు. కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. ఆ వెంటనే, పార్కింగ్ స్టిక్కర్లు ఇవాళే తీసుకోవాలని ఇంకో మెసేజ్. బాచుపల్లి నుంచి హైటెక్ సిటీ దాకా క్యాబ్‌లో నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

మా టెరాహెర్ట్జ్ ల్యాబ్‌కి సారే పెద్ద. ఫ్రీక్వెన్సీలో ఫోన్ సిగ్నల్‌కు చాలా పైన, వెలుతురుకు కింద ఉండే తరంగాలవి. పొడి గుడ్డలోంచి హాయిగా దూరిపోతాయి, తడి తగిలితే ఆగిపోతాయి. వాటితో పెద్ద పెద్ద ఫైళ్ళు రెప్పపాటులో పంపాలని కంపెనీ ఆశ. సారుది ఒకటే పట్టుదల. కాలిన గాయం మీద కట్టు విప్పకుండానే, కింద పుండు మానిందో ఇంకా చెమ్మగా ఉందో చూడాలి. ఎందుకంత పట్టు అని అడిగితే, "కట్టు విప్పేటప్పుడు ఎప్పుడన్న పక్కన నిలబడ్డవా అమ్మా?" అనేవారు. అంతకు మించి చెప్పేవారు కాదు.

గాలిలో తేమ కూడా ఆ తరంగాలను మింగేస్తుంది. అందుకే కొలిచే పెట్టెలో ముందు పొడిగాలి వదిలి, అది నిండేదాకా కూర్చునేవాళ్ళం. వానాకాలం వస్తే మా పని సగం కూర్చోవడమే. చేరిన కొత్తలో తలస్నానం చేసి తడి జుట్టుతో వెళ్తే సారు నన్ను గుమ్మంలోనే ఆపేశారు. "జర ఆరినంక రా అమ్మా. నీ జుట్టు తడి కూడ లెక్కల పడ్తది." కడప నుంచి వచ్చినదాన్ని, నాకు ఒళ్ళు మండింది. తర్వాత నేనూ మిగతావాళ్ళలాగే, పెట్టె తెరిచినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పి ఊపిరి వదలడం నేర్చుకున్నాను.

పెట్టుబడి పెట్టేవాళ్ళు వస్తున్నారని ఒకసారి పెద్ద హాల్లో ప్రదర్శన పెట్టారు. అందరికీ కనబడాలని పెట్టె మూత తీయించారు. సరిగ్గా అప్పుడే వేదిక మీద తెల్లటి పొగమంచు వదిలారు, పెళ్ళి రిసెప్షన్లో జంట నడిచొచ్చేటప్పుడు వదుల్తారే, అదే. "ఆ పొగ బంద్ చెయ్యండి సార్, కట్టు తడుస్తది," అని సారు అంటూనే ఉన్నారు. పాట హోరులో ఎవరికి వినబడాలి? పెట్టెలో పెట్టిన బొమ్మ చేతికి చుట్టిన కట్టు చెమ్మగిల్లింది. తెర మీద కట్టంతా పుండులాగే కనబడింది.

"హాల్లో కాసేపు నిలవలేని మిషన్ ఆసుపత్రిలో ఏం పని చేస్తుందండీ?" అన్నారు మా డైరెక్టర్ గారు. పొగ తెప్పించింది ఆయనే. నెల తిరక్కుండా ఆ పని మూసేసి, సారును ఫైళ్ళు పంపే టీంలో వేశారు. మిషన్ భాగాలు కూడా ఆ టీంకే ఇచ్చేశారు. స్క్రూలు సారే విప్పారు, ఇంకొకరిని ముట్టనివ్వలేదు. "ఫికర్ చెయ్యకమ్మా, మళ్ల కట్టుకుందం," అన్నారు. అది నన్ను ఓదార్చడానికే అన్నారని నాకు తెలుసు.

సంతాప సభలో డైరెక్టర్ గారు చాలాసేపు మాట్లాడారు. వేగం కోసమే సారు బతికారట. తర్వాత రెండు మాటలు చెప్పమని సారు తమ్ముణ్ణి పిలిచారు. సారుకు తమ్ముడున్నాడని నాకు అప్పుడే తెలిసింది. బోరబండలో ఉంటాడు. ఎప్పుడో జీడిమెట్లలో కెమికల్ యూనిట్లో కాలిపోయి నెలల తరబడి దవాఖానలో ఉన్నాడట.

"కట్టు విప్పుతుంటె నాకంటె మా అన్ననే ఎక్కువ ఏడ్సేటోడు," అన్నాడతను. "విప్పకుండ చూసే మిషన్ చేస్తున్న అన్నడు. గది ఎంతవరకు వచ్చింది సార్?"

"పని నడుస్తోందండీ. త్వరలోనే వచ్చేస్తుంది," అన్నారు డైరెక్టర్ గారు.

అది అబద్ధమని ఆ సభలో తెలియనివాడు తమ్ముడొక్కడే. అతను సంతోషంగా ఆయనకు దండం పెట్టాడు. అప్పుడెప్పుడో కాలినప్పుడు ముడుచుకుపోయిన చేతివేళ్ళు ఒకదానికొకటి ఆనలేదు. రెండు చేతుల మధ్య కాస్త ఖాళీ అలాగే మిగిలిపోయింది.