బాహూరు పేరున్న కంప్యూటర్

పుదుచ్చేరి మూలకుళంలో మా పక్కింటి మామ పోయారని మంగళవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసులో ఉన్నాను. చేస్తున్న పని ఎక్కడిదక్కడ వదిలేసి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వీధిలో అందరికీ ఆయన నెమ్మదైన పక్కింటాయన. నాకు మాత్రం మొదటి ఉద్యోగంలో పై అధికారి, పని నేర్పిన మనిషి. మీలో ఎవరూ ఆయన్ను చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

పెన్‌డ్రైవ్‌లు కొత్తగా చేతికొచ్చిన రోజులవి. పుదుచ్చేరిలో మాదొక చిన్న కంపెనీ. దుకాణాలు, బడులు, ఆస్పత్రుల కంప్యూటర్లను మేం చూసుకునేవాళ్లం. ఏ కంప్యూటర్ ఎలా నడవాలో చెప్పే ఫైళ్లన్నీ రిపాజిటరీ అని ఒకేచోట ఉండేవి. ప్రతి కంప్యూటర్‌కూ అందులో తన పేరుతో ఒక ఫోల్డర్. అరగంటకోసారి అది చూసుకుని తనను తాను సరిదిద్దుకునేది.

ఆఫీసులో ఆయన అందరితో మాట్లాడేది తమిళం, ఇంగ్లీషు. నాతో తెలుగులోకి దిగారంటే ఏదో కొంప మునిగిందన్నమాట. మార్పు చేసినప్పుడల్లా కారణం రాయాల్సిందే. 'సరిచేశాను' అని మాత్రం రాస్తే ఆయనకు అదీ కొంప మునిగినట్టే.

"ఏం సరిచేస్తివి? ఎందుకు చేస్తివి? రేపొచ్చేవాడు నీ మనసులో దూరి చూడాల్నా?"

ఏదైనా తీసేయాలంటే ఇంకో ప్రశ్న ఉండేది. "ఎవురికి నొస్తాదో ముందు చెప్పు."

నాకేమో శుభ్రం పిచ్చి. ఒకే ఫైలుకు నాలుగు నకళ్లు, ఎవరివో తెలియని ఫోల్డర్లు చూస్తే చేతులు ఊరుకునేవి కావు. చేరిన మూడో నెలలో రిపాజిటరీ సర్దుతానని ఆయన్ను వేధించి ఒప్పించాను. ఒక్కొక్కటీ అడిగి తీయమన్నారు. ఒక శుక్రవారం ఆయన మీటింగులో ఉండగా 'బాహూరు' అనే ఫోల్డర్ కనబడింది. బాహూరు అనే పక్క ఊళ్లో మేం చూసుకునే అంగడి మూసేసి ఏడాది దాటింది. దీనికి కూడా అడగాలా అనుకుని తీసేశాను. అప్పుడు పదకొండు.

పదకొండుంపావుకు ఆస్పత్రి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్. కంప్యూటర్‌కు నెట్‌వర్క్ పోయింది, రక్తం సంచుల మీద అంటించే చీటీలు రావడం లేదు. చీటీ లేని సంచి బయటికి పంపరు. పన్నెండుకు ఒకావిడకు ఆపరేషన్.

మామ మీటింగు వదిలి వచ్చారు. నా స్క్రీన్ చూశారు.

"పాపా, ఏం తీస్తివి?"

ఆ తెలుగు వినగానే కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

"బాహూరు, మామా. ఆ అంగడి మూసేసినారు గదా."

"అంగడి మూసేసినారు. ఆ కంప్యూటర్నే గదా తెచ్చి ఆస్పత్రిలో పెట్టిండాము!"

"అట్లయితే పేరెందుకు మార్చలేదు?"

"మీ ఇంటిపేరులో ఊరుండాదే, అది యాడుండాదో నువ్వు చూసినావా? మీ తాత చూసినాడా? మనుషులొచ్చేసినా పేరట్నే ఉండాది. దా, సీక్రం!"

తీసేసిన ఫోల్డర్‌ను తిరిగి పెట్టడం రెండు నిమిషాల పని. కానీ అది పోగానే ఆ కంప్యూటర్ తన నెట్‌వర్క్ వివరాలు కూడా చెరిపేసుకుంది. ఇక్కడ ఏం పెట్టినా దానికి అందదు, మేమే వెళ్లాలి. ఆయన స్కూటర్ వెనక, ఆ ఫైళ్లు ఎక్కించిన పెన్‌డ్రైవ్‌ను పిడికిట్లో బిగించి కూర్చున్నాను. బస్టాండు ముందు బస్సులు అడ్డంగా ఆగిపోయాయి. ఆయన బండిని సందుల్లోకి తిప్పారు.

బ్లడ్ బ్యాంకు కౌంటర్ దగ్గర చొక్కా గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. ఆపరేషన్ జరగాల్సిన ఆవిడ భర్త. మమ్మల్ని చూసి పక్కకు జరిగాడు.

"నువ్వే తీస్తివి, నువ్వే పెట్టు" అన్నారు మామ.

పదకొండూ నలభై ఆరు. పాస్‌వర్డ్ తప్పు కొట్టాను, మళ్లీ కొట్టాను. ఫైళ్లు ఎక్కాయి. ప్రింటర్ కాసేపు ఊరికే ఉండి, తర్వాత చీటీని బయటికి తోసింది. కౌంటర్ అబ్బాయి దాన్ని సంచికి అంటించి లోపలికి పరుగెత్తాడు.

ఆవిడ క్షేమమని సాయంత్రం తెలిసింది. మామ నా తప్పు నాచేతే రిపాజిటరీలో రాయించారు. దాని కింద, పేరు మార్చని తప్పు తనదని తన పేరు పెట్టి రాసుకున్నారు. ఆ రెండు వాక్యాల కోసం ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

కానీ తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నం ఆస్పత్రి బయటి ఎండ. ఆయన స్కూటర్‌లో తాళంచెవి పెట్టబోయారు. రెండుసార్లు తప్పింది. తాళం నాకిచ్చి వెనక కూర్చున్నారు.

"కోపమా మామా?" అన్నాను.

"కోపం కాదు పాపా, బయం. ఆయమ్మ పేరేందో గూడా మనకు తెలీదు."

బండి కదిలించి అద్దంలో చూశాను. మలుపు తిరిగేదాకా ఆయన వెనక్కి తిరిగి ఆస్పత్రి గేటు వైపే చూస్తూ ఉన్నారు.