ముఖాల బీరువా

మా ఎడిటర్ చంద్రమౌళి గారికి ఒక గర్వం ఉండేది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో 'ఏటిగట్టు' పత్రిక ఒక్క సవరణ కూడా వేయలేదని. నా పేరు అక్సా. అక్కడ పంతొమ్మిదేళ్ళుగా డీటీపీ చేస్తున్నాను కాబట్టి ఆ గర్వం నాకూ కొంచెం అంటుకుంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

బెల్లం మార్కెట్ వెనక సందులో కింద బెల్లం దిమ్మల గోదాము, పైన మా ఆఫీసు. వారపత్రిక. ఓనరు, ఎడిటరు, రిపోర్టరు, బస్టాండులో కట్టలు పంచేది, అన్నీ ఆయనే. పెద్ద పేపరు వాళ్ళు పిలిచి ఉద్యోగం ఇస్తామంటే "మా ఊళ్ళ వార్తలు నేనే వేసుకుంటాను" అని మొహం మీదే చెప్పి వచ్చేశారట. ట్రెడిల్ మిషను రోజుల్లో అక్షరాలు చేత్తో పేర్చారు. ఇప్పుడు నేను పేజీలు పెడితే విశాఖలో అచ్చవుతాయి, శుక్రవారం పొద్దున్నకల్లా వాట్సాప్‌లో కూడా వెళ్ళిపోతాయి.

ఆయనకి ఒక పద్ధతి ఉంది. ఎవరి పేరు అచ్చువేసినా వాళ్ళ ఫోటో ఒకటి దాచాల్సిందే. చెరుకు రైతు, టెన్త్‌లో మార్కులొచ్చిన పిల్ల, పంచాయతీలో తిట్టుకున్న ఇద్దరూ. అవన్నీ ఊళ్ళవారీగా కట్టలు కట్టి ఇనప బీరువాలో పెట్టేవారు. మనిషి పోతే ఫోటో పై అరలోంచి కింది అరలోకి దిగుతుంది. చాలా ఇళ్ళలో దండ వేసిన ఫోటో మా బీరువాలోంచి వెళ్ళిందే. ఆ సంగతి ఊళ్ళలో పాకి, ఆయన స్కూటర్ ఇంటి ముందు ఆగితే ముసలాళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆయన నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు, ఎందుకంటే ఆ బీరువాకి వీపు పెట్టి కూర్చునేది నేను. మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగితే, కింది అరలోంచి ఎవరో నా మెడ వైపే చూస్తున్నట్టు ఉండేది. చిన్న ప్రార్థన చేసుకుని కుర్చీ గోడకి జరుపుకునేదాన్ని.

గుర్తు తెలియని శవం దొరికితే పోలీసులు ఫోటో మాకు పంపేవారు. ఆయన బీరువా తెరిచి పది నిమిషాల్లో ఫలానా ఊరు, ఫలానా మనిషి అని చెప్పేవారు. అలా పదకొండు సార్లు చెప్పారు, పదకొండూ నిజమే అయ్యాయి.

పన్నెండోది కిందటేడు సెప్టెంబరులో. శారదా నది తుప్పల్లో దొరికిన కుర్రాడు. ఆయన బుచ్చయ్యపేట కట్ట విప్పి ఒక ఫోటో తీసి పక్కన పెట్టారు. పేరు దేముడు. ఆరేళ్ళ కిందట చెరుకు తూకం గొడవలో మా పత్రికతో మాట్లాడిన కుర్రాడు. అదే నుదురు, కనుబొమ్మ మీద అదే గాటు. పైగా తల్లితో దెబ్బలాడి ఇల్లొదిలి అప్పటికి నెల రోజులు.

తల్లి బుల్లమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయనే. తోడుగా నేను వెళ్ళాను. ఆమె గుడ్డ తీసి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈడు నా కొడుకు కాడు బాబూ."

ఎడిటర్ గారు కసరలేదు. ఎంతో నెమ్మదిగా, నీళ్ళలో ఉంటే మనిషి మారిపోతాడమ్మా అని చెప్పారు. ఆమె మూడుసార్లు కాదంది. నాలుగోసారి ఆయన సంచిలోంచి మా పాత పత్రిక తీసి, కొడుకు ఫోటో ఆ ముఖం పక్కన పట్టుకున్నారు. అచ్చు చూశాక ఆమె గొంతు పడిపోయింది.

"పేపరోలు. మీకు తెలీకుండా ఉంటాదా" అని వేలిముద్ర వేసింది. ఊళ్ళో దహనం చేశారు. ఆ శుక్రవారం నేను దేముడి ఫోటో చుట్టూ నల్ల గీతలు గీసి, కింద 'కన్నుమూత' అని టైపు చేశాను.

ఈ ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండకి సందులో కాకి కూడా లేదు. గుమ్మంలో ఎవరో నిలబడినట్టయి తలెత్తాను. ఆ ముఖాన్ని కత్తిరించింది నేను, నల్ల గీతల మధ్య పెట్టింది నేను.

"మేడం, నాను దేముడినండి" అన్నాడు. "బతికున్నానని మీ పేపర్లో ఎయ్యాలట. ఏత్తేనే మాయమ్మ లోపలికి రానిత్తాదని ఊరోలు అంతన్నారు."

కోపంతో ఫోన్ నెంబరు మార్చేసి కేరళలో తాపీపనిలో చేరాడట. కోపం దిగి ఊరికొస్తే, వీధిలో అందరూ ముందు అతని పాదాల కేసి చూశారట, వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని. చంటిపిల్లల్ని లోపలికి లాక్కున్నారట. తల్లి గుమ్మంలో నిలబడి చూసి, తలుపు దగ్గరికేసేసిందట. మూడు రోజులుగా బడి అరుగు మీద ఉంటున్నాడు.

ఎడిటర్ గారు కింది అర తెరిచి, పోలీసులు పంపిన ఫోటో బల్ల మీద పెట్టారు. దేముడు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నానే కదండీ."

కనుబొమ్మ మీద గాటు తడుముకున్నాడు. మళ్ళీ ఫోటో చూశాడు.

"అయితే నాను పోనానేటండి?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. జవాబు చెప్తారని ఎడిటర్ గారి వైపు తిరిగాను. ఇన్నేళ్ళు ముఖాలే చదివిన ఆ మనిషి, ఎదురుగా ఉన్న ముఖం ఎవరిదో చెప్పలేక కళ్ళజోడు తీసి తుడుస్తున్నారు. ఆయన్ని చూస్తే నాకు ఇంకా భయం వేసింది.

ముగ్గురం ఆటోలో ఊరెళ్ళాం. వీధి చివర్నుంచే తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. బుల్లమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. వెనక గోడ మీద మా పత్రిక ముక్క, దానికి దండ, పట్టపగలు దీపం. ఆ ముక్కలో ఉన్నవాడు నా పక్కన నిలబడి దాన్నే చూస్తున్నాడు.

"సవరణ వేసేస్తానమ్మా, వీడు నీ కొడుకే..." అని ఎడిటర్ గారు మొదలెట్టారు.

"ఆగండి బాబూ. ఆ రోజూ మీరే సెప్పేరు. కాదంతే విన్నారు కాదు." ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టమనిపించింది. "ఆస్పత్రిలో సూసిన ముఖవే నా కొడుకు ముఖవని ఎనిమిది నెల్లు నా కళ్ళకి నేర్పేను. కళ్ళు మూత్తే ఆడే వత్తన్నాడు. ఇప్పుడు ఈడ్ని సూత్తే ఎవులో పరాయోడి లాగున్నాడు. ఏటి సెయ్యమంతారు?"

ఎడిటర్ గారు తెరిచిన పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు. తెల్ల ప్యాంటుతోనే ఆమె ముందు మట్టిలో చతికిలబడ్డారు.

"నేనేం చెప్పనమ్మా. నువ్వు చెప్పు. ఎన్నాళ్ళయినా ఆగుతాను. నువ్వు చెప్పిందే వేస్తాను."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "ఆ రోజు మనం ఎందుకు దెబ్బలాడుకున్నాం? ఈలందరి ముందర సెప్పు."

"సెప్పను."

"సెప్తేనే లోపలికి."

"బడి అరుగు మీదే సత్తాను గానీ సెప్పను. నీ పరువు పోయే మాట నా నోటంట రాదు."

"ఈడే. ఈ మొండి ఎదవ నా కడుపున పుట్టినోడే" అంటూ బుల్లమ్మ అతని చొక్కా పట్టుకుని లోపలికి ఈడ్చేసింది. ఇద్దరి ఏడుపూ వీధిలోకి వినబడింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

కాసేపటికి ఆమె బయటికొచ్చింది. మొహం కడుక్కుంది.

"మరయితే బాబూ, నాను గుండెలు బాదుకోని పంపినోడు ఎవులు?"

ఆయన సంచిలోంచి పోలీసులు పంపిన ఫోటో తీశారు.

"ఆ పొటో నాకియ్యండి. ఆడి తల్లి దొరికే దాకా నానే దీపం ఎడతాను."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటి సవరణ మొదటి పేజీలోనే వేశాం. 'తల్లి కాదంటున్నా వినకుండా దేముడు చనిపోయాడని తప్పుగా ప్రకటించాను. చనిపోయిన అబ్బాయి ఎవరో నాకు తెలియదు. ఫోటో బుల్లమ్మ గారింట్లో ఉంది. వచ్చి చూడండి.' కింద సంతకం ఆయనది. పత్రిక కొన్నవాళ్ళు నవ్వుకున్నారు, కొనడం మానేసినవాళ్ళు మానేశారు.

జూన్ నుంచి కొడుకుల కబురు లేని తల్లులు రావడం మొదలెట్టారు. సబ్బవరం నుంచి కొందరు, ఇంకా దూరం నుంచి కొందరు. ఆయనే ఆటో కట్టించి తీసుకెళ్తారు, కానీ ఇంట్లోకి రారు. చెరుకు తోట వైపు మొహం పెట్టి రోడ్డు మీద నిలబడతారు. ఆయన మొహం చూసి ఏ తల్లీ మాట మార్చుకోకూడదట. లోపల బుల్లమ్మ ప్రతి ఒక్కరినీ ఒకటే అడుగుతుంది: "బాగా సూసుకో తల్లీ. నీకు ముందే ఎవులూ ఏటీ సెప్పనేదు కదా?" అందరూ తమ కొడుకు కాదనే అన్నారు. అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

పోయిన నెల కోటవురట్ల నుంచి కాసులమ్మ అనే ఆవిడ వచ్చింది. ఫోటో ముందు చాలాసేపు కూర్చుంది. కొంగుతో ఫోటో అద్దం తుడిచింది. అద్దం మీద దుమ్మేమీ లేదు.

"కాడు" అంది. "మావోడు సెన్నైలో ఉన్నాడు. పని ఒత్తిడి. ఫోన్ సెయ్యడు."

గుమ్మం దాటబోతూ ఆగింది. "రోజూ దీపం ఎడతన్నావా అప్పా?"

"ఎడతన్నాను."

"ఎప్పుడేనా ఆడికి సింతసిగురు కూర ఒండి ఎట్టు" అని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆటో వైపు నడిచింది.

నేను పరుగున వెళ్ళి ఎడిటర్ గారికి చెప్పాను. ఆయన గిరుక్కున తిరిగి ఆవిడ వైపు రెండడుగులు వేశారు. నోరు తెరిచారు. మళ్ళీ మూసేశారు.

"కొడుకేనా అంటే ఏమంది అక్సా?"

"కాదన్నారు సార్."

"అయితే కాదనే వెయ్యి."

'ఈ అబ్బాయి ఎవరో ఇంకా తెలియలేదు' అని ప్రతి వారంలాగే ఆ శుక్రవారం పత్రికకీ టైపు చేశాను.