ముల్లు ఎగిరిన చోట

ఆ రోజుల్లో ఊరిగాంలో ఇల్లు ఊగితే ఎవరూ బయటికి పరుగెత్తేవాళ్లు కాదు. అడుగున, బంగారం తవ్వే గనుల్లో ఎక్కడో బండ పగిలేది. పైన మా కంపెనీ క్వార్టర్సు ఒక్క క్షణం ఒళ్లు దులుపుకునేవి. అమ్మ చారుగిన్నె పట్టుకునేది, నాన్న పేపరును కాస్త గట్టిగా పట్టుకునేవాడు, మాట మధ్యలో ఆపిన పాపాన మాత్రం ఎవరూ పోయేవాళ్లు కాదు. ఒకసారి మా ఇంటికి కొత్తగా వచ్చిన చిత్తూరు చుట్టం ఒకాయన భయపడి మంచం కిందికి దూరితే, "ఏమి నాయనా, పెన్ను పడిపోయిందా?" అని అడిగింది మా అమ్మమ్మ (వెటకారం కాదు, నిజంగానే అడిగింది). ఆ అలవాటే ఒకనాడు మా బావ కొంప ముంచింది.

బావ అంటే మా మేనమామ కొడుకు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. మా వీధిలో ఒక కిటికీలోంచి తమిళ పాట, ఇంకో కిటికీలోంచి తెలుగు పాట, ఆ చివర ఆంగ్లో ఇండియన్ల ఇళ్లలోంచి గిటార్లూ డ్రమ్ములూ వినబడేవి. మేమిద్దరం ఆ చివరి కిటికీల దగ్గర పడిగాపులు పడి పెరిగాం. బావకు దేవుడు గొంతు ఇచ్చాడు. మామూలు పాటైతే మామూలుగానే పాడేవాడు గానీ, పాట పైకి ఎక్కే కొద్దీ ఆ గొంతు తెరుచుకునేది. షిఫ్టు సైరను మోగేటప్పుడు దానితో పోటీపడి పైకి లాగేవాడు, ముందు సైరనే ఆగిపోయేది. నాకు దేవుడు పాలపొడి డబ్బాలు ఇచ్చాడు. వాటిని బోర్లించి వాయించేవాణ్ని. అలా మాది ఇద్దరు మనుషుల బ్యాండు. జుట్టు మాత్రం పదిమందికి సరిపడా పెంచాం.

బెంగళూరులో ఒక కాలేజీవాళ్లు ఇంగ్లీషు పాటల పోటీ పెడుతున్నారని తెలిసింది. బావ మామను అడిగాడు. మామ కంపెనీ ఆఫీసులో గుమాస్తా, మాట తప్పని మనిషి (తప్పితే బాగుండునని మాకు చాలాసార్లు అనిపించేది). "పొయ్యి రా. గెలిస్తే నీ పాట నీది, నేను అడ్డం రాను. గెలవకుంటే జుట్టు కత్తిరించుకోని కంపెనీలో చేరాల. ఇంగ మాట్లాడేది లేదు" అన్నాడు. బావ ఆ రోజు రాగిసంగటి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, గెలిచినట్టే లెక్క.

పోటీకి పాట కావాలి. మా వెనక వరుసలో పియానో ఆంటీ అని ఉండేది. ఆమె దగ్గర ఒక పాత ఇంగ్లీషు బ్యాండు రికార్డు ఉందని, అందులో ఒక పాట వింటే రాళ్లు కూడా తల ఊపుతాయని చెప్పుకునేవారు. మేము మాత్రం వినలేదు. ఆంటీ రికార్డును ఎవరికీ ఇచ్చేది కాదు. బతిమాలితే, మా టేప్ రికార్డరు తెచ్చుకుని ప్లేయరు ముందు పెట్టుకోమంది. "చేతులు పెట్టొద్దు మ్యాన్, దూరం నిలబడు" అంటూ ముల్లును తానే రికార్డు మీద దించింది. మేము ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పాట సగానికి వచ్చేసరికి ఇల్లు ఊగింది. ఆంటీ పింగాణీ బొమ్మను పట్టుకుంది. నేను టేప్ రికార్డరును పట్టుకున్నాను. బావ తన ముందున్న కేకు పళ్లెం పట్టుకున్నాడు. రికార్డు ప్లేయరును పట్టుకోవాలని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. ముల్లు ఎగిరి, రెండు లైన్లు దాటి, 'టక్' మని దిగి, ఏమీ ఎరగనట్టు పాడుకుంటూ పోయింది. ఊగడం మాకు ఎంత అలవాటంటే, ఇంటి దాకా వచ్చేసరికి అది జరిగిన సంగతే మరిచిపోయాం. ఆ వారమే ఆంటీ మద్రాసులో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

టేపు అరిగేదాకా విన్నాం. ఆ 'టక్' దగ్గర పాట ఉన్నట్టుండి మలుపు తిరిగేది. "చూసినావా అప్పా, ఎట్లా తిప్పినాడో! మనవాళ్లకు ఇట్లాంటి తెలివి యాడుండాది?" అని బావ మురిసిపోయేవాడు. ఆ 'టక్' కోసం నేను డబ్బా అంచు మీద పుల్లతో ఒకే ఒక్క దెబ్బ సాధన చేశాను. నా వాయిద్యం మొత్తంలో నాకు బాగా వచ్చింది అదొక్కటే. బావకు ఒకటే వెలితి. "పాట బాగుండాది గానీ, గొంతెత్తి పాడే తావు ఒక్కటీ లేదే" అనేవాడు. ఇంకో పాట వెతుకుదామంటే వ్యవధి లేదు.

పోటీ రోజు మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు చేరాం. హాలు కిటకిటలాడుతోంది. డ్రమ్ములు వాళ్లే ఇచ్చారు. నిజం డ్రమ్ముల వెనక కూర్చోవడం నాకదే మొదటిసారి, కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక మడిచి పెట్టుకున్నాను. బావ పాట ఎత్తుకోగానే హాలంతా కేరింత కొట్టింది. ఆ పాట వాళ్లందరికీ కంఠతా వచ్చు! అందరూ చప్పట్లు కొడుతూ తోడు పాడుతున్నారు. బావ ముఖం వెలిగిపోతోంది. సరిగ్గా అప్పుడు నేను, నా జీవితంలోనే అంత శ్రద్ధగా, 'టక్' అని కొట్టాను. బావ రెండు లైన్లు దాటి అవతలికి దూకాడు. హాలు ఇవతలే ఉండిపోయింది. వాళ్లదొక పాట, మాదొక పాట అయి, గోల గోల అయిపోయింది. అక్కడైనా ఊరుకుంటే బాగుండేది. బావ పాట ఆపి, మైకులో, బెంగళూరు వాళ్లతో, మీరు తప్పు పాడుతున్నారు, పాట ఇట్లా కాదు అని చెప్పాడు. తోడుగా నేను ఇంకోసారి 'టక్' కొట్టి చూపించాను. హాలంతా నవ్విన ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

రైల్లో బంగారపేట దాటాక బావ నా వైపు తిరిగాడు. "అంతమంది ఎట్లా తప్పు పాడతారప్పా?" అన్నాడు. మర్నాడు పొద్దున మామ కాఫీ తాగుతూ మాకు అక్షింతలు వేస్తున్నాడు. ఇల్లు ఊగింది. మామ తిట్టు ఆపకుండానే గ్లాసు పట్టుకున్నాడు. గోడ మీద అలమారలోంచి గిన్నె ఒకటి ఎగిరి 'టక్' మని పడింది. బావా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. "ముల్లు!" అన్నాడు బావ, ఏడుపు గొంతుతో. "ఏ ముల్లురా? సుమ్నే నోరు మూసుకోని కూర్చో. రేపు జుట్టు తీయించుకో" అన్నాడు మామ.

బావ జుట్టు తీయించుకున్నాడు. ఏ బండ అయితే తన పాట పగలగొట్టిందో ఆ బండ దగ్గరికే, గని షాఫ్టులో దిగి, రోజూ పనికి పోయాడు. గనులు మూసేశాక దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీలో స్టోర్సులో కుదిరి, అక్కడే రిటైరయ్యాడు. మా అక్కను ఆయనకే ఇచ్చారు. "స్నానం చేసేటప్పుడు కూడా పాడడురా" అని అక్క చెప్పేది. ఇంట్లో రేడియోలో ఆ పాట వస్తే లేచి కట్టేసేవాడట. నేనూ మళ్లీ ఆ పాట జోలికి పోలేదు. ఊరంతా పదేళ్లపాటు ఆ కథ చెప్పుకుని నవ్వింది, నేనూ నవ్వించాను. అయినా అంత గొంతు అలా వృథాగా పోయిందే అనే బాధ నాకు ఈ రోజుకీ తగ్గలేదు.

ఇప్పుడు ఊరిగాంలో మాలాంటి తల నెరిసినవాళ్లం కొందరం నెలకో ఆదివారం ఒక స్కూలు హాలులో చేరుతున్నాం. అందరం పాత ఇంగ్లీషు పాటల పిచ్చివాళ్లమే. ఎవరికి నచ్చిన పాట వాళ్లు ఫోనులో వినిపించి, దాని చుట్టూ ఉన్న ముచ్చట చెప్పాలి. పోయిన నెల బావను బలవంతంగా తీసుకెళ్లాను. నా వంతు రాగానే, ఆయన ముందే ఈ కథంతా చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. అప్పుడొక రిటైర్డు నర్సమ్మ, "ఇంగ పాట పూర్తిగా విందామప్పా, పాపం ఆయన ఎప్పుడూ వినలేదంట కదా" అని తన ఫోనులో పెట్టింది.

బావ లేచిపోతాడేమోనని చూశాను. లేవలేదు. పాట సగానికి వచ్చింది. నా కాలు దానంతటదే 'టక్' మని నేల మీద కొట్టింది. పాట మాత్రం ఎగరలేదు. పోటీనాడు ఆ గోలలో చెవికెక్కని రెండు లైన్లూ మొదటిసారి వచ్చాయి. వాటిలో ఆ గాయకుడి గొంతు మెల్లగా లేచి, పైకి, ఇంకా పైకి ఎక్కి, అక్కడ చాలాసేపు నిలబడింది. మా షిఫ్టు సైరనంత ఎత్తున.

బావ కళ్లు మూసుకున్నాడు. పాట అయిపోయాక, "ఈడనే ఉండెనా అప్పా ఆ తావు?" అన్నాడు. "అప్పుడైతే అందుకొని ఉందును రా. దీనికన్నా పైకి పోయి ఉందును." అక్కడ అందరూ పాడమన్నారు. బావ మొహమాటపడుతూనే ఎత్తుకున్నాడు. సగం దాకా వెళ్లాక దగ్గు వచ్చింది. "షాఫ్టు దుమ్ము" అని నవ్వి కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను.

నిన్న అక్క ఫోన్ చేసి, "ఏమి నేర్పించి పంపినావురా మీ బావకు? పొద్దున లేస్తే అవే రెండు లైన్లు, పైకి పోయేది, దగ్గేది, మళ్లీ మొదలుపెట్టేది" అని విసుక్కుంది. ఫోన్ పెట్టేసి నేనూ ఆ పాట మొదటి నుంచీ పాడుకున్నాను. మా ఇల్లిప్పుడు ఊగదు, కింద గనుల్లో నీళ్లు నిండిపోయి ఎన్నో ఏళ్లయింది. అయినా ఆ చోటికి వచ్చేసరికి నా వేలు బల్ల అంచు మీద 'టక్' అంది, నేను రెండు లైన్లు దాటి దూకేశాను. ఆ రెండు లైన్లూ ఇప్పుడు నాకూ తెలుసు. కానీ అవి బావవి, నాకు పాడబుద్ధి కాలేదు.