మూడో వరుసలో నవ్వు

ఐవీ క్రాబ్‌ట్రీ కోసం ఎప్పుడూ ఎవరూ కుర్చీ అట్టేపెట్టలేదు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో డబ్బాలు నింపుతూ ఆమె వయసంతా నిలబడే గడిచిపోయింది. పెళ్ళి కాలేదు. ఒక్కగానొక్క అక్క ఎనిడ్, హల్ అనే ఊరికి కాపురానికి పోయింది. తల్లిని పాతిపెట్టిన రోజున వచ్చినవాళ్ళకి హామ్ అనే పందిమాంసం పెట్టకుండా గుడ్డు శాండ్‌విచ్‌లతో సరిపెట్టిందని ఐవీని అక్క నలుగురిలో కడిగేసింది. వాళ్ళ ఊరు ఓల్డమ్‌లో అది చిన్న అవమానం కాదు. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఎనిడ్ పోయినప్పుడు కూడా ఐవీ రైలెక్కలేదు.

ఆ చలికాలమే, ఇంటి గోడలతో విసిగిపోయి, పబ్బు మేడమీద కూడే పాత రేడియో హాస్యాభిమానుల సంఘానికి వెళ్ళింది. నెలకో శనివారం పదిమంది ముసలివాళ్ళు చేరి, తమ చిన్నప్పటి రేడియో నాటిక ‘మిసెస్ పాగ్‌సన్ అద్దెగదులు’ వింటారు. ప్రతి మాటా వాళ్ళకి కంఠతా వచ్చు. అయినా కొత్తగా విన్నట్టే నవ్వుతారు. నవ్వడానికి వాళ్ళకింకేం మిగిలింది కనుక!

ఒక భాగంలో, అద్దెకున్న కల్నల్ స్నానపు తొట్టెతో సహా మెట్లమీంచి జారిపడే చోట, రికార్డింగు చూడవచ్చిన జనంలోంచి ఒక ఆడమనిషి కీచుమని నవ్వుతుంది. అందరూ ఆగినా ఆ నవ్వు ఆగదు. నటులే మాట మరిచి తడబడతారు. ఆవిడెవరో కనిపెట్టాలని సంఘానికి ఏళ్ళ తరబడి తపన. ఆ నవ్వు వినగానే ఐవీకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

“ఏమ్మా, ఏమయింది?” అన్నాడు కార్యదర్శి నార్మన్.

“ఆ రోజు నేనక్కడే ఉన్నాను. మాంచెస్టర్‌లో, మూడో వరుసలో.”

“అయితే ఆ నవ్వు మీదే!” నార్మన్ ఎగిరి లేచాడు. “ఒరేయ్ రెజ్, దొరికిందిరా మన నవ్వులావిడ!”

చప్పట్లు మోగాయి. కాదనడానికి ఆమె నోరు తెరిచేలోపే ముందు వరుసలో కుర్చీ వేశారు. ఐవీ కూర్చుంది.

అప్పట్నుంచి నెలనెలా నార్మన్ కారులో వచ్చి తీసుకెళ్ళేవాడు. ఆ చోటు రాగానే అందరూ ఆమె వైపు తిరిగేవాళ్ళు. ఐవీ నవ్వేది. పక్కింటికి వినబడకుండా, కెటిల్ కూత పెడుతుండగా వంటింట్లో సాధన చేసి నేర్చుకున్న నవ్వు అది.

మరుసటేడాది ఎవరి అటకమీదో అదే భాగానిది ఇంకో టేపు దొరికింది. పాతదానిలా గరగరలు లేవట.

“ఐవీగారూ, ఇవాళ మీ గొంతు దమ్మెంతో తేలిపోతుంది,” అన్నాడు రెజ్ గ్లాసు నింపుకుంటూ.

కల్నల్ జారాడు. నవ్వు లేచింది. ఊపిరాడక ఆగి, ఇన్నాళ్ళూ గరగరల కింద మునిగిపోయిన మాటలు అదే గొంతుతో పలికింది:

“ఒసే ఐవీ, పట్టుకోవే నన్ను, పడిపోతున్నా!”

“విన్నారా! పేరుతో సహా ఉందిరా!” రెజ్ కేకేశాడు. గది హోరెత్తింది. నార్మన్ ఒక్కడే నవ్వలేదు. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. ఈసారి కేకలు పలచబడ్డాయి. తనను తాను ఒసే అని పిలుచుకునేవాళ్ళెవరుంటారు?

“అది మా అక్క,” అంది ఐవీ. “నేను దాని చెయ్యి పట్టుకున్నానంతే. నాకు నవ్వు రాలేదు. జనం చూస్తున్నారని సిగ్గేసింది.”

ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “వాన తగ్గినట్టుంది,” అన్నాడు రెజ్ కిటికీతో. ఇంటికి దింపుతూ నార్మన్ ఆమె గేటు దగ్గర కారాపి అడిగాడు:

“మీ అక్కగారి ఫోటో ఏమైనా ఉందా?”

ఉన్నది ఒక్కటే. బ్లాక్‌పూల్ సముద్రం ఒడ్డున అక్కాచెల్లెళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ మెలేసి నిలబడ్డది. ఇచ్చేసింది.

తర్వాతి నెల కారు రాలేదు. ఐవీ బస్సులో వెళ్ళింది. ముందు కుర్చీలో ఎవరిదో కోటు ఉంది. ఫోటో గోడకెక్కింది. ఫ్రేము చిన్నది కాబోలు, ఐవీ ఉన్న వైపు కత్తిరించారు. ఎనిడ్ మోచేతిని పట్టుకున్న, తొడుగు వేసిన చెయ్యి మాత్రం మిగిలింది. ఐవీ వెనక గోడవారన కూర్చుంది. కల్నల్ జారగానే అందరూ ఫోటో వైపు గ్లాసులెత్తారు.

పక్కన కొత్తగా చేరినాయన ఆమె వైపు వంగాడు. “ఆవిడ పక్కనున్న ఆ చెయ్యి ఎవరిదండీ?”

“ష్, వినండి,” అంది ఐవీ.

“ఒసే ఐవీ,” అంటోంది టేపు, “పట్టుకోవే నన్ను.”